గిన్నెలు తోమిన పొడి

జుబైల్,
నవంబరు 7, శుక్రవారం.

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు రూతుకు,

అన్న సత్యవేదం దీవించి వ్రాయునది. నా తెలుగు పేదదైపోయినందుకు మొదట నీ మన్నింపు కోరుతున్నాను. కాకినాడలో పగలంతా ఓడరేవు వర్క్‌షాపులో పనిచేసి, సాయంకాలం రాత్రి కళాశాలకు నడిచిపోయి బి.ఏ. పట్టా తెచ్చుకున్నవాణ్ణి. ఆనాడు వ్యాసరచన పోటీలలో నా పేరే ముందు పిలిచేవారు. ఈ అరబ్బు దేశంలో పాకిస్తానీలతో హిందీ, మేనేజరుతో, అదే మా ముదీరుతో, అరబ్బీ ముక్కలు, కాగితాల మీద ఇంగ్లీషు. వాక్యం మధ్యలో మాట దొరకక ఆగవలసి వస్తున్నది. తప్పులుంటే దిద్దుకొని చదువు.

ఫోనులో చెప్పవచ్చు కదా అని నీవు అనవచ్చు. మా గదిలో ఆరుగురం. ఇక్కడ ఒకడు దగ్గితే ఐదుగురు మందు చెబుతారు. మన మాటలు వారికి అనవసరం. లారీ నడిపే ఇమ్రాన్ శుక్రవారం శుక్రవారం మీ ఖోబర్‌కు వస్తాడు కనుక ఈ ఉత్తరం అతని చేతికి ఇస్తున్నాను. కరీంనగర్‌వాడు, నమ్మకస్థుడు.

సంగతి ఏమంటే, చమురు బావులలోంచి తీసిన పాత గొట్టాలు మా యార్డుకు వస్తాయి. వాటి లోపల పంటి గారలాగా తెల్లని గట్టి గార పేరుకొని ఉంటుంది. దానిని రాల్చి, గొట్టం శుభ్రం చేసి తిరిగి పంపడం మా పని. నా కింద పదిమంది మనుషులున్నారు. బాగుకాని గొట్టాలను తుక్కుగా కరిగించే చోటికి పంపుతాము. పోయినవారం ఇమ్రాన్ లారీ నిండా అటువంటివి తీసుకొనిపోతే గేటు దగ్గర యంత్రం మ్రోగిందట. వారు లారీని లోపలికి రానీయలేదు. ఇమ్రాన్ వచ్చి, "సార్, నేనేం దొంగతనం జెయ్యలే. బండిని చూస్తనే గేటు మొత్తుకున్నది" అని వాపోయాడు.

మరునాడు మా షెడ్డు గోడకు ఒక నోటీసు అంటించారు. పసుపుపచ్చని కాగితం మీద మూడు రెక్కల గుర్తు. ఇంగ్లీషు, అరబ్బీ తప్ప వేరే భాష లేదు. ఇక్కడ ఏ కాగితం వచ్చినా, అది బ్యాంకుదైనా మందుసీసా మీదిదైనా, చదివి చెప్పేది నేనే. మేస్త్రి చదివితే చదివినట్టే అని మావాళ్ళ నమ్మకం. అది ప్రకృతిలో సహజంగా ఉండే రేడియోధార్మిక పదార్థమని వ్రాసి ఉంది. భూమిలో దేవుడు పెట్టినదే, కర్మాగారంలో కలిపిన విషం కాదు, భయం లేదని అందరికీ చెప్పాను.

మీ ఆసుపత్రిలో ఆ మూడు రెక్కల గుర్తు ఉన్న గదులుంటాయని ఒకసారి అన్నావు. దాని విషయం ఒక పేజీకి మించకుండా వ్రాసి పంపు. కేవలం జ్ఞానం కోసం అడుగుతున్నాను.

ఇట్లు,
నీ అన్న,
సత్యవేదం, బి.ఏ.


అల్ ఖోబర్,
నవంబర్ 14.

అన్నయ్యా,

నీ తెలుగుకేమీ కాలేదు. నా వార్డు తెలుగు చూస్తే నువ్వే భయపడతావు.

ఒక పేజీలోనే రాస్తున్నాను. మా ఆసుపత్రిలో రేడియేషన్ కొలతలు చూసే ఫిజిసిస్టు సుజిత అని కేరళ అమ్మాయి, మా క్వార్టర్స్‌లో పై అంతస్తులోనే ఉంటుంది. నీ ఉత్తరం ఆమెకు చెప్పాను. ఆమె చెప్పింది ఇది. భూమి అడుగున రాళ్ళలో యురేనియం, థోరియం కొద్దికొద్దిగా ఉంటాయి. అవి విరిగి విరిగి రేడియంగా మారతాయి. చమురుతో పాటు పైకి వచ్చే ఉప్పునీళ్ళలో ఆ రేడియం కరిగి వస్తుంది. గొట్టం లోపల గార కట్టేటప్పుడు రేడియం కూడా అందులో చిక్కుకుంటుంది. భూమిలో చెల్లాచెదురుగా ఉన్నది గొట్టంలో పోగుపడుతుందన్నమాట. అన్ని గొట్టాలూ ఒక్కలా ఉండవు. మీటరు పెడితేగాని తెలియదు. గేటు దగ్గర యంత్రం మ్రోగిందంటే మీ దగ్గరకొచ్చే వాటిలో కొన్నయినా లెక్కలోకి వచ్చేవే.

గొట్టం పక్కన నిలబడితే ఒంటికి తగిలేది అంత ఎక్కువ కాదట. దుమ్మే అసలు సంగతి. పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుని ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. ఇవాళ దగ్గు రాదు, జ్వరం రాదు. ఎప్పుడో పదిహేనేళ్ళకో ఇరవై ఏళ్ళకో క్యాన్సరు వస్తే, ఇది దానివల్లేనని చెప్పేవాడు ఉండడు.

దేవుడు పెట్టిందన్నావు. గన్నేరుపప్పు కూడా తోటలో కాసేదే అన్నయ్యా.

ఆ గారను నీళ్ళతో కడిగి తీస్తున్నారా, పొడిగా రాలుస్తున్నారా? మొహానికి ఏం కట్టుకుంటున్నారు? రాలిన పొడి ఎక్కడికి పోతోంది? ఈ మూడింటికీ జవాబు రాయి. నాకు జ్ఞానం కోసం కాదు.

నీ చెల్లెలు,
రూతు


జుబైల్,
నవంబరు 21.

చెల్లెలు రూతుకు,

నీ ఉత్తరం అందింది. గన్నేరుపప్పు వాక్యం నేను రెండవసారి చదవలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో పనిచేస్తున్నవాడితో మాట్లాడే తీరు అది కాదు.

నీ ప్రశ్నలకు జవాబులు. లోగడ అధిక ఒత్తిడి గల నీటి పంపుతో కడిగేవాళ్ళము. వేసవిలో పంపు చెడింది. విడిభాగం దొరకడం లేదని ముదీర్ చెబుతాడు. జనవరిలో పెద్ద ప్లాంటుకు మరమ్మతుల షట్‌డౌన్ ఉంది, అప్పటికి గొట్టాలు సిద్ధం కావాలి. అందుచేత సుత్తితో కొట్టి, తిరిగే ఇనుప బ్రష్షును లోపలికి పంపి పొడిగానే రాలుస్తున్నాము. ఇసుకగాలి లోపలికి రాకుండా షెడ్డు తలుపులు మూసి ఉంచుతాము. ముఖానికి ఎవరి తువ్వాలు వారు కట్టుకుంటారు.

పొడి వృథాగా పోవడం లేదు. దాని ఉపయోగం కనిపెట్టినవాణ్ణి నేనే అని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మా మెస్సులో వంటవాడు పీరయ్య, కడపజిల్లావాడు, వయసులో నాకన్న పెద్దవాడు. చదువు లేకపోయినా చేతి రుచి ఉన్నవాడు. అన్నం వండే పెద్ద డేగిసాలకు పట్టిన మాడు సబ్బుతో పోవడం లేదని బాధపడుతుంటే, మన అమ్మ ఇటుకపొడితో, బూడిదతో తోమడం నాకు గుర్తు వచ్చింది. ఈ గార పొడిని సన్నని జల్లెడ పట్టి అతనికి ఇచ్చాను. బరువైన మెత్తని పొడి. ఒక్క గీత పడకుండా మాడు వదిలిపోతుంది. అద్దంలో చూసుకున్నట్టు డేగిసాలో ముఖం చూసుకోవచ్చు. పీరయ్య దానికి మేస్త్రి పొడి అని పేరు పెట్టాడు. పంపు చెడిన నెలనుంచి మా గిన్నెలన్నీ దానితోనే తోముతున్నారు.

అందరూ ఆరోగ్యంగా ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇట్లు,
సత్యవేదం, బి.ఏ.


అల్ ఖోబర్,
నవంబర్ 21, సాయంత్రం.

అన్నయ్యా,

ఇమ్రాన్ కింద ఎదురుచూస్తున్నాడు. నీ ఉత్తరం చదివి వెంటనే ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. మళ్ళీ చేస్తే కట్ చేశావు. సరే, ఫోన్ ఎత్తకపోతే కాగితం మీదే రాస్తాను. కాగితాన్ని నువ్వు కట్ చేయలేవు.

ఆ పొడి వంటింట్లో ఉండకూడదు. ఇవాళే ఆపించు.

సుజితను అడిగాను. రేడియాన్ని మన ఒళ్ళు సున్నం అనుకుంటుందట. కడుపులో కరిగితే తీసుకెళ్ళి ఎముకలో పెట్టుకుంటుంది. నీ గారలో అది రాయిలా బిగిసి ఉంటుంది కాబట్టి కరిగేది తక్కువ, మింగినదాంట్లో ఎక్కువ భాగం బయటికే పోతుందట. నిన్ను భయపెట్టడానికి లేనిది కలిపి రాయను, ఉన్నది తగ్గించీ రాయను. గిన్నెల కంటే కూడా ఆ మూసిన షెడ్డే ఎక్కువ భయం అంది. దుమ్ముకు తోడు, రేడియం నుంచి పుట్టే రేడాన్ అనే గాలి మూసిన చోట నిలబడుతుంది. తువ్వాలు దాన్నీ ఆపదు, దుమ్మునూ ఆపదు.

తలుపులు తెరిపించు. నీళ్ళు లేకుండా పని చేయించకు. పొడి ఊడవకుండా తడిపి, మూత ఉన్న డ్రమ్ముల్లో పెట్టించు. ఇవి చేయడానికంటే ముందు నీ మనుషులకు చెప్పు. వాళ్ళు పీలుస్తున్నదేమిటో, తింటున్నదేమిటో వాళ్ళకు తెలియాలి. తువ్వాలు గట్టిగా కట్టుకోవాలో, తలుపు తన్ని తెరవాలో, ఇంటికెళ్ళిపోవాలో వాళ్ళే తేల్చుకుంటారు.

నువ్వు మంచికే చేశావు. అందుకే నువ్వే చెప్పాలి.

రూతు


జుబైల్,
డిసెంబరు 5.

చెల్లెలు రూతుకు,

రెండు వారాలు ఆలోచించి వ్రాస్తున్నాను. తొందరలో వ్రాసినది కాదని తెలుసుకో.

షెడ్డు తలుపు ఒకటి తెరిపించాను. నేల మీద నీళ్ళు చల్లిస్తున్నాను. ఎందుకని ముదీర్ అడిగితే వేడికని చెప్పాను. డిసెంబరులో వేడి ఎక్కడిదని నవ్వాడు.

ముదీరుతో పంపు సంగతి మరలా మాట్లాడాను. షట్‌డౌన్ అయ్యేవరకు ఆ మాట ఎత్తవద్దన్నాడు. అదే గదిలో, అదే నోటితో, జనవరి నుంచి నన్ను సూపర్‌వైజరును చేస్తున్నట్టు చెప్పాడు. నా నివాస కార్డు, ఆ ఇఖామా మీద వృత్తి అన్నచోట ఇన్నేళ్ళుగా కూలీ అనే ఉన్నది. అది మారుతుంది. పట్టా ఉన్నవాడి ఇఖామా మీద కూలీ అని ఉండటం ఎటువంటిదో నీకు తెలియదు. నిన్ను వచ్చిన మొదటిరోజు నుంచి సిస్టర్ అని పిలిచారు.

పొడి ఆపడానికి ప్రయత్నించాను. ఇక సబ్బు వాడమని పీరయ్యతో అన్నాను. కారణం అడిగాడు. అయిపోయిందన్నాను. అతడు షెడ్డులోకి పోయి, ఊడ్చిపెట్టిన కుప్పలోంచి బకెట్టు నింపుకొని వచ్చి, "అయిపోలే మేస్త్రీ, గుట్టలుగా పడుంది. నీ కండ్లకు అద్దాలు యాపిచ్చుకో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను.

వారికి చెప్పమని నీవు తేలికగా వ్రాశావు. నోటీసు చదివి భయం లేదన్నవాణ్ణి నేను. పొడి ఇచ్చినవాణ్ణి నేను. ఆ గిన్నెలలో వండినది నెలలుగా వాళ్ళతో కూర్చొని నేనూ తింటున్నాను. ఒక వాక్యంతో ఇదంతా ఎలా తిరగవేయమంటావు? రేపు నేను చదివే బ్యాంకు కాగితాన్ని ఎవడు నమ్ముతాడు? షట్‌డౌన్ కానీ. పంపు వస్తుంది, పొడి దానంతట అదే పోతుంది. ఎవరి మనసూ విరగకుండా సరిపోతుంది.

ఈ విషయం ఇంతటితో ముగించు.

సత్యవేదం, బి.ఏ.


అల్ ఖోబర్,
డిసెంబర్ 12.

అన్నయ్యా,

ముగించలేను.

నీకు సూపర్‌వైజర్ ఇస్తున్నందుకు సంతోషపడాలని నాకూ ఉంది. నా నర్సింగు ఫీజు నువ్వు పంపితేనే కట్టానని మరిచిపోలేదు. కానీ పదిమంది ఊపిరితిత్తుల మీద నిలబడి ఎక్కే మెట్టు అది.

దీంతోపాటు ఇంకో ఉత్తరం పెట్టాను. అది నీకు కాదు, పీరయ్య గారికి. ఆయనకు చదువు రాదన్నావు కాబట్టి, మీ అలవాటు ప్రకారం నువ్వే చదివి వినిపించాలి. నువ్వు నీ మాటల్లో చెప్పలేకపోతే నా మాటల్లో చెప్పు. చెడు కబురు నేను చెప్పినట్టే ఉంటుంది, ఫరవాలేదు.

రూతు


(పై ఉత్తరంలో మడిచి పెట్టిన కాగితం)

అల్ ఖోబర్,
డిసెంబర్ 12.

పీరయ్య అన్నగారికి,

నమస్కారాలు. నేను సత్యవేదం అన్నయ్య చెల్లెలిని, పేరు రూతు, ఖోబర్‌లో నర్సును. మీ చేతి వంట గురించి అన్నయ్య రాస్తూ ఉంటాడు. మీరు, మీ ఇంట్లోవాళ్ళు క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను.

మీకు ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. గిన్నెలు తోమే ఆ పొడిని ఇక వాడకండి. గొట్టాల్లోంచి వచ్చిన ఆ గారలో రేడియం అనే ధాతువు ఉంటుంది. అది కంటికి కనిపించదు, వాసన రాదు, కానీ ఒంట్లోకి పోతే చాలాకాలానికి జబ్బు చేయవచ్చు. ఈ సంగతి అన్నయ్యకు ఆ పొడి ఇచ్చినప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. గిన్నెలను బాగా నీళ్ళు పోసి కడిగి, మిగిలిన పొడిని ఎగరకుండా తడిపి మూతపెట్టండి. మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. షెడ్డులో పనిచేసేవాళ్ళందరికీ కూడా చెప్పండి. వాళ్ళకు మీకన్నా ఎక్కువ ప్రమాదం.

ఇప్పటికిప్పుడు ఎవరికో ఏదో అవుతుందని కాదు. ఇక్కడితో ఆపితే మంచిది.

చెల్లెలిలాంటిదాన్ని,
రూతు


జుబైల్,
డిసెంబరు 18.

చెల్లెలు రూతుకు,

నీవు పంపిన ఉత్తరం పీరయ్యకు చదివి వినిపించాను. మెస్సు బయట బల్లమీద కూర్చోబెట్టి చదివాను. అతడు చాలా సంతోషించాడు. తన జన్మలో తన పేరుమీద ఉత్తరం రావడం ఇదే మొదటిసారి అన్నాడు. నీకు తన దీవెనలు చెప్పమన్నాడు. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని బియ్యం డబ్బా వెనుక దాచుకున్నాడు.

నీవు కోరినది జరిగింది కనుక ఇకమీదట ఈ విషయం మన మధ్య రాదని ఆశిస్తాను. క్రిస్మస్ నాటికి నీకు సెలవు దొరికితే తెలియజేయి.

ఇట్లు,
సత్యవేదం, బి.ఏ.


అల్ ఖోబర్,
డిసెంబర్ 19, శుక్రవారం.

అన్నయ్యా,

నీ ఉత్తరంతో పాటు ఇమ్రాన్ ఒక పాలపొడి డబ్బా తెచ్చిచ్చాడు. పీరయ్య గారు పండగకి నాకు పంపిన బహుమతి అట. ఇమ్రాన్ ఆయన మాట అప్పజెప్పాడు: "అంత బాగ రాసిన సెల్లెమ్మకు నేనేమియ్యగలను? గిన్నెలు తోముకోను ఇది ఇయ్యి, ఖోబర్‌లో దొరకదు."

ఆ మాట వినకముందు డబ్బా బరువు చూసి ఏదో మిఠాయి అనుకున్నాను. మూత తీశాను, ఆ పొడే.

నువ్వు నా ఉత్తరం చదవలేదు అన్నయ్యా. నమస్కారాలు చదివావు.

మూత పెట్టి డబ్బాను బాల్కనీలో ఒక మూలకు పెట్టి, చేతులు కడుక్కుని సుజితను పిలిచాను. మీటరు తెచ్చింది. గదిలో చిన్నగా టిక్కు టిక్కుమంటున్నది డబ్బా దగ్గరికి వెళ్ళేసరికి ఆగకుండా మోగింది. ఒక్క డబ్బాతో నాకేమీ కాదు, భయపడకు అంది. తర్వాత ఈ పొడి ఎంతమంది దగ్గరుందని అడిగింది. నీ పేరు చెప్పలేక నోరు మూసుకున్నాను. నువ్వు చేసిందే నేనూ చేశాను అప్పుడు.

తర్వాత చెప్పాను. అంతా చెప్పాను.

ఇలాంటిది చూశాక పై అధికారులకు రిపోర్టు చేయకుండా ఉండటానికి ఆమెకు వీల్లేదు. శుక్ర, శని సెలవులు, ఆదివారం ఆఫీసు తెరవగానే కాగితం పెడుతుంది. ఆపమని నేను అడగలేదు. మీ యార్డుకు మనుషులు మీటర్లు పట్టుకుని వస్తారు. ముసుగులు వేసుకున్నవాళ్ళు వచ్చి పీరయ్య గారి గిన్నెల మీద మీటరు పెట్టినప్పుడు ఆయనకు మొదటిసారి తెలియాలా? రేపు శనివారం. నీకు ఉన్నది అంతే.

ఆయన ఆ కాగితాన్ని బియ్యం డబ్బా వెనుక దాచుకున్నాడని నువ్వే రాశావు. ఎలా రాయగలిగావు అన్నయ్యా.

రూతు


జుబైల్,
జనవరి 9.

చెల్లెలు రూతుకు,

ఈ ఉత్తరం ఆలస్యమైంది. జరిగినది జరిగినట్టు వ్రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

నీ ఉత్తరం శుక్రవారం సాయంకాలం అందింది. శనివారం మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నాక మెస్సులోకి పోయి, చెల్లెలు వ్రాసిన కాగితం ఒకసారి ఇమ్మని పీరయ్యను అడిగాను. అతడు చేతులు లుంగీకి తుడుచుకొని కవరు తెచ్చాడు.

"ఇది మళ్లా యాల మేస్త్రీ? సదివితివి గదా."

"పూర్తిగా చదవలేదు."

నిలబడి చదివాను. నమస్కారాల దగ్గర అతడు నవ్వుతున్నాడు. అంతవరకు అతనికి కంఠస్థమే. ముఖ్యమైన మాట చెప్పాలి అన్నచోట ఆగాను. వేదిక మీద వ్యాసాలు చదివినవాణ్ణి, ఆ నాలుగు పంక్తులు దాటడానికి రెండుసార్లు మంచినీళ్ళు త్రాగాను. ఇప్పుడు తెలుసు అని నీవు వ్రాసిన మాట కూడా చదివాను. చదువుతుండగానే, మా ఫిట్టరు జమాలుద్దీన్, నెల్లూరువాడు, పళ్ళెం నేలమీద పెట్టి ముందుకు తోశాడు. మిగతావాళ్ళు ముద్ద చేతిలో పట్టుకొని అలాగే ఉండిపోయారు.

పీరయ్య మెల్లగా అడిగాడు. "ఇదంతా ఆ పొద్దు గూడా ఈ కాగితంలోనే ఉన్నిందా?"

"ఉంది."

"మరి నువ్వేం సదివితివి?"

"శుభములు చదివాను."

"అంటే కాగితం నాది, కండ్లు నీవి."

నా చేతిలోంచి కాగితం తీసుకొని ఇమ్రాన్‌కు ఇచ్చి మరలా చదవమన్నాడు. ఇమ్రాన్ బడిలో ఎనిమిది వరకు తెలుగు చదివాడు. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా చదువును మరొకడు సరిచూడటం నా జీవితంలో అదే మొదలు. ముగించాక ఇమ్రాన్ పీరయ్య వైపు తిరిగి, "ఈపారి సరిగనే సదివిండు" అన్నాడు.

అప్పుడు జమాలుద్దీన్ అన్నాడు. "మేస్త్రి బియ్యే రాత్రి బళ్ళో చదివినాడు గదా. పగటిపూట సగమే కనపడతాది." ఒకరిద్దరు నవ్వారు. నేను తల వంచుకోలేదు. వంచుకుంటే వాళ్ళకు ఆ నవ్వు కూడా మిగలదు.

గిన్నెలకే అందరూ భయపడ్డారు. నీవు వ్రాసిన ప్రకారం, గిన్నెలకన్నా షెడ్డే ప్రమాదమని, దుమ్ము సంగతి, మూసిన తలుపుల సంగతి, రేడాన్ గాలి సంగతి నాకు తెలిసినంత వివరించాను. తెలియనిది తెలియదన్నాను. ఎవరికైనా జబ్బు వస్తుందా అని జమాలుద్దీన్ అడిగితే, ఎవరికి వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరని, ఇప్పటినుంచి పీల్చకపోతే అంత మేలని చెప్పాను. ఆ జవాబు అతనికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

మధ్యాహ్నం ఒక్కడు కూడా సుత్తి పట్టలేదు. షెడ్డు బయట నీడలో కూర్చున్నారు. నేనూ వాళ్ళ పక్కన కూర్చోబోతే కొంచెం జరిగి చోటిచ్చారు, తమలో తామే మాట్లాడుకున్నారు. ముదీర్ వచ్చి, వీళ్ళకు ఎవరు చెప్పారని అరబ్బీలో అడిగాడు. నేనేనన్నాను. ఎందుకన్నాడు. నిజం కనుక అన్నాను. అరబ్బీలో అంతకన్న పెద్ద వాక్యం నాకు రాదు.

సూపర్‌వైజరు పని మరొకరికి ఇచ్చారు. ఇఖామా మీద కూలీ అనే ఉంది.

బుధవారం మీటర్లు పట్టుకొని మనుషులు వచ్చారు. షెడ్డుకు తాళం వేశారు. ఊడ్చిన కుప్పలు తడిపి డ్రమ్ములకు ఎత్తించారు. ఆరునెలలు దొరకని పంపు విడిభాగం ఆ వారంలోనే దొరికింది. గుడ్డ కాదు, ముఖానికి బిగిసే అసలైన మాస్కులు ఇచ్చారు. అందరికీ వైద్యపరీక్షలు చేయించాలని వ్రాసి పోయారు. ఎప్పుడు చేయిస్తారో ఇంకా తెలియదు. అడుగుతూనే ఉన్నాను. డేగిసాల మీద మీటరు పెట్టి చూసి, కడిగినవి కనుక బాగానే ఉన్నాయన్నారు. పీరయ్య మాత్రం వాటిలో వండనన్నాడు. వాటిని బయట బోర్లించాడు. కొత్తవి వచ్చేవరకు చిన్న గిన్నెలలోనే విడతలు విడతలుగా వండుతున్నాడు. నాకూ వడ్డిస్తాడు. మేస్త్రీ అనే పిలుస్తాడు. కాని మొన్న అతని కూతురి ఆసుపత్రి కాగితం ఫోనులో వస్తే నాకు చూపలేదు. ఇమ్రాన్ వచ్చేవరకు ఆగాడు.

ఇక నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి ఉంది. దమ్మామ్‌లో ఇటువంటి యార్డే మరొకటి ఉన్నది. అక్కడి ఫోర్‌మన్ హన్మాండ్లు, నిజామాబాద్‌వాడు. అక్టోబరులో మా క్యాంపుకు వచ్చి, గిన్నెల మెరుపు చూసి అడిగాడు. రెండు గోనెసంచుల పొడి నేనే అతని బండిలోకి ఎత్తించాను. అది అక్కడి మెస్సులో ఇప్పటికీ వాడుతున్నారు. వారి గొట్టాలూ పొడిగానే కొడుతున్నారు. మా దగ్గరకు వచ్చిన అధికారులకు ఈ మాట చెప్పాను, వ్రాసుకున్నారు. ఎప్పుడు పోతారో తెలియదు. హన్మాండ్లుకు ఫోను చేస్తే, "అప్పుడు మంచిదంటివి, ఇప్పుడు కాదంటవు. నీ ఏ మాట పట్టుకోవాలె సారూ?" అని పెట్టేశాడు. అడగవలసిన మాటే అడిగాడు.

అందుచేత ఈ ఉత్తరం నీ దగ్గర ఆగరాదు. నీవు చదివిన తరువాత, నీవు వ్రాసినవి, నేను వ్రాసినవి అన్నీ కలిపి ఇమ్రాన్ చేతికి ఇవ్వు. ఇమ్రాన్ వాటిని హన్మాండ్లుకు ఒంటరిగా ఇవ్వకూడదు. అతడూ ఫోర్‌మనే. చదివి, మడిచి, జేబులో పెట్టుకోగలడు. వాళ్ళ మెస్సులో అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు ఇమ్రాన్ నిలబడి పైకి చదవాలి. హన్మాండ్లు అతని పక్కన నిలబడి, కాగితం మీద కన్ను పెట్టి, చదివినది ఉన్నదో లేదో సరిచూడాలి. ఆ తరువాత హన్మాండ్లు చదవాలి, ఇమ్రాన్ చూడాలి. ముగిసిన తరువాత కాగితాలు వాళ్ళ వంటవాడికి ఇవ్వాలి. అతనికి చదువు రాకపోయినా అతని దగ్గరే ఉండాలి. మరొక క్యాంపుకు పొడి పోయినదని తెలిస్తే, అక్కడికి అతడే పంపాలి.

చదివేటప్పుడు ఒక్క పంక్తి కూడా దాటవద్దని ఇమ్రాన్‌తో చెప్పు. నా పేరు వచ్చినచోట గొంతు తగ్గించవద్దని కూడా చెప్పు.

సత్యవేదం